కుడి బటన్లు ఆమెవి, ఎడమ బటన్లు నావి

ముందే చెప్పేస్తున్నాను, నాకు వీడియో గేములంటే పడదు. మనవడు ఫోను పట్టుకుని కూర్చుంటే లాక్కుని బీరువా మీద పెట్టే రకాన్ని. అలాంటి నా దగ్గరకి మొన్న ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు కొందరు వచ్చి, "మేడమ్, ఇప్పుడు చేతి పేషెంట్లని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి గేములు ఆడిస్తున్నారు. మీ రోజుల్లో పాపం ఇవేమీ లేవు కదా" అన్నారు. ఆ పాపం అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. లేవని మీకెవరు చెప్పారర్రా, కూర్చోండి చెబుతాను అన్నాను. వాళ్లేమో బస్సు టైమైందని లేచిపోయారు. అందుకే రాస్తున్నాను. చదివితే చదువుతారు, లేకపోతే లేదు.

అరకు పక్కన కొండ మీద ఒక మిషన్ ఆసుపత్రిలో నేను చాలా ఏళ్లు చేశాను. గుమ్మం మీద ఫిజియోథెరపీ విభాగం అని బోర్డు ఉండేది గానీ, విభాగమంటే నేనొక్కదాన్నే. గది ఒకప్పటి బియ్యం కొట్టు. గోడకి బిగించిన ఒక చక్రం, ఇసక సంచులు, రబ్బరు బంతులు, కీలు ఎంత వంగుతోందో కొలిచే స్కేలు, ఇవే నా ఆయుధాలు. వార్డుని ఏలేది హెడ్ సిస్టర్. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన మనిషి, పొద్దున్నే ప్రార్థన, ఆ వెంటనే తిట్లు. చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరుగారు మాత్రం నెలకోసారి విశాఖపట్నం నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చి, మధ్యాహ్నం తిరుగు బండికి వెళ్లిపోయేవారు. ఆ కాస్త టైములోనే ఆయన నెల పనంతా చెయ్యాలి. అందుకని ఆయన మాట ఎప్పుడూ తొందరగానే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కాఫీ పండు కోతల రోజుల్లో, ముప్పై ఏళ్ల మనిషి ఒకామె మా వార్డులో చేరింది. వాళ్ల ఊళ్లో నలుగురూ కలిసి పెట్టుకున్న పల్పర్ మిషన్‌లో, అదే, కాఫీ పండుకి తోలు తీసే మిషన్‌లో, కుడి చూపుడువేలు పడింది. డాక్టరుగారు తెగిన నరాన్ని, అంటే వేలిని వంచే టెండన్‌ని, కలిపి కుట్టారు. కట్టు విప్పాక చూస్తే వేలు కర్రలా నిలబడిపోయింది. లోపల పుండు మానేటప్పుడు నరం చుట్టుపక్కల కండకి అతుక్కుపోతుంది. రోజూ కదిలించి ఆ అతుకుని విడిపించాలి. ఆ పని కత్తికి రాదు, మందుకి రాదు. పేషెంటే చెయ్యాలి, నొప్పి ఓర్చుకుని.

డాక్టరుగారు స్కేలు పెట్టి చూసి పెదవి విరిచారు. "వచ్చే నెల నేను వచ్చేసరికి వంగితే సరే. వంగకపోతే మొదలంటా తీసేద్దాం. నిలబడ్డ వేలు ప్రతిదానికీ అడ్డం, మిగిలిన వేళ్లని కూడా పని చెయ్యనివ్వదు" అన్నారు.

ఆ మాట విని ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు సరికదా చెయ్యి చాపేసింది.

"వచ్చే నెలదాకా ఏటికి బాబూ? ఇప్పుడే తీసెయ్యి. నానెల్లిపోతాను. అక్కడ పండు రాలిపోతంది, అత్త ఒక్కర్తీ ఎన్నని కోత్తాది?"

ఆ కొండల్లో డాక్టరైనా కలెక్టరైనా 'నువ్వే'. డాక్టరుగారు ఆపరేషన్లకి వెళ్లిపోయారు. ఆమె నా పాలబడింది.

నాకు ఆ వేలు పోవడం ఇష్టం లేదు. గుండుసూదితో గుచ్చితే చివర దాకా తెలుస్తోంది, ఉలిక్కిపడి నన్ను తిడుతోంది. స్పర్శ ఉన్న వేలుని తీసి పారేస్తారా ఎవరైనా? కాఫీ పండు కొయ్యడం మీరు చూడలేదేమో. ఒకే గుత్తిలో పచ్చివీ పండినవీ పక్కపక్కనే ఉంటాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పండినదాన్ని మాత్రమే తిప్పి తియ్యాలి. ఆ రెండు వేళ్లే వాళ్లకి అన్నం పెడతాయి. ఆమె తొందర ఆమెకి ఉండొచ్చు, ఈ వేలు వంచకుండా నేను మాత్రం వదలను అనుకున్నాను. నేను పట్టు పట్టానంటే ఉడుంపట్టేలెండి, అది ఇప్పటికీ పోలేదు.

మొదట రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాను.

"పిసికితే ఏటొత్తాది?"

"వేలు వస్తుంది."

"బంతిలోంచా?" అంది. వార్డంతా నవ్వింది.

నేను చూస్తున్నంతసేపూ పిసికేది. నేను గుమ్మం దాటగానే బంతి కిటికీలో ఉండేది. మైనం ముద్ద ఇస్తే దాంతో పక్కమంచం వాళ్లకి కోడిపుంజుని చేసిచ్చింది, అదీ ఎడంచేత్తో. మిరియాలు గిన్నెలోంచి గిన్నెలోకి ఏరమంటే నిమిషంలో ఏరేసింది, మళ్లీ ఎడంచేత్తోనే. పని కాని పనిని వేళ్లతో చెయ్యడం ఆమెకి వెర్రితనంలా కనిపించేది. నాకేమో రోజులు గడిచిపోతున్నాయి.

అప్పుడొచ్చింది ఆ అట్టపెట్టె. ఏ దేశపు చర్చివాళ్లో పాత స్వెటర్లు, కంబళ్లు పంపారు. సిస్టరూ నేనూ విప్పుతుంటే ఒక స్వెటర్ మడతలోంచి సబ్బుపెట్టెంత మిషను జారిపడింది. మధ్యలో చిన్న తెర, చుట్టూ బటన్లు. పెన్ సెల్స్ తెప్పించి వేస్తే టింగుమని పాట మొదలైంది. తెర మీద ఏదో పట్నం వీధి, మెట్లు, ఇనప కమ్మీలు, నాలుగు చక్రాలున్న చెక్క మీద నిలబడి జారిపోతున్న ఒక కుర్రాడు. స్కేట్‌బోర్డు అంటారట దాన్ని. సిస్టర్ "పిల్లల బొమ్మ, పోతుంది, బీరువాలో పెట్టెయ్యమ్మా" అంది.

నేను చూసింది కుర్రాణ్ని కాదు, బటన్లని. ఎడం బొటనవేలితో కుర్రాణ్ని నడపాలి. కుడి బొటనవేలితో ఎగరెయ్యాలి. మిషను పై అంచున కుడివైపు ఇంకో బటన్ ఉంది, సరిగ్గా చూపుడువేలు వంగి పడేచోట. కుర్రాడు గాలిలో ఉండగా దాన్ని నొక్కితే గిర్రున తిరిగి దిగుతాడు. నొక్కకపోతే బోర్లా పడతాడు. ఎవరు తయారుచేశారో గానీ నా పేషెంటు కోసమే చేసినట్టుంది. బీరువా లేదు గీరువా లేదని పట్టుకెళ్లి ఆమె ఒళ్లో పడేశాను.

ఆ రోజుల్లో వాటి తెరకి లోపల దీపం ఉండేది కాదు. ఎండ తగిలితేనే బొమ్మ కనిపిస్తుంది. మాకేమో పొద్దెక్కితే గానీ మంచు విడదు. అందుకని ఎండ వచ్చాక వరండాలో తూర్పు మూల మొదలుపెట్టి, ఎండతోపాటు జరుగుతూ సాయంత్రానికి పడమటి మెట్ల దగ్గర తేలేది. మొదటిరోజు కుర్రాడు మెట్ల మీంచి దబ్బున పడితే ఆమె పకపకా నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఓలమ్మో, ఈ గుంటడికి బుర్ర నేదేటి? దిగువకి ఎల్లేటప్పుడు మోకాళ్లు వంచాలని ఎవులూ సెప్పనేదా?"

"నువ్వే చెప్పు. ఆ పైబటన్ నొక్కి తిప్పు వాణ్ని" అన్నాను.

నాలుగు రోజులు తిరిగేసరికి వరండా నిండా జనం. మలేరియా వాళ్లు, కాన్పు వాళ్లు, వాళ్లకి తోడు వచ్చినవాళ్లు, అందరూ ఆమె చుట్టూనే. కుర్రాడు ఎగురుతున్నాడు, కమ్మీల మీద జారుతున్నాడు, గాలిలో తిరుగుతున్నాడు. నేను దూరం నుంచి ఆ కేకలు విని పొంగిపోయాను. ప్రార్థన అయ్యాక సిస్టర్ కూడా "నిన్న ఆ గుంటడు ఎంతదాకా వెళ్లాడు?" అని అడిగేది. పందెం గెలిచినదానిలా స్కేలు పట్టుకుని వేలు కొలవడానికి వెళ్లాను. వేలు ఎక్కడిది అక్కడే ఉంది. రవ్వంత కూడా వంగలేదు.

నాకు అర్థం కాలేదు. మర్నాడు చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వెళ్లి చూశాను. గొంతుకూర్చుని, మిషన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి, ఎడంచేతి ఐదువేళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అన్ని బటన్లూ తనే నొక్కేస్తోంది. కుడిచెయ్యి దుప్పట్లో పిల్లిలా పడుకుంది.

నా కేకకి వరండా ఖాళీ అయిపోయింది. మోసం అన్నాను, దొంగాట అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఆమె కూడా లేచి నిలబడింది.

"మోసమేటి? వాడు ఎగిరినాడా నేదా? తిరిగినాడా నేదా? నువ్వు తిప్పమన్నావు, నాను తిప్పినాను. పనయిపోనాది కదా!"

"నాకు వాడు తిరగడం ఎందుకే? నీ వేలు తిరగాలి!"

"ఆ ముక్క ముందే సెప్పాల. మా కాడ ఒక సెయ్యి నొప్పెడితే రెండోది సేత్తాది. సెయ్యి బాగుపడేదాకా సేను ఆగుతాదేటి?"

ఆ మాటలో న్యాయం ఉందని తెలిసేసరికి నాకు కోపం ఇంకా ఎక్కువైంది. మిషన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె చీరలు మూట కట్టేసుకుంది. మర్నాడు సంత, తెల్లారే జీపు ఉంటుంది. డాక్టరుబాబు వచ్చిన రోజున వత్తాను, తీయించుకుని పోతాను అని వార్డంతా వినబడేలా చెప్పింది. పొమ్మన్నాను.

సిస్టర్ నా వెనకే గదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడింది. "ఇద్దరికీ ఒకటే రోగం. వేలు పోయేది మాత్రం ఆవిడది" అంది. తర్వాత కాస్త మెత్తగా, "ఏమ్మా, ఇన్నేళ్లు ఈ కొండల్లో ఉన్నావు. ఇక్కడ ఒంటరిగా పని చేసేవాళ్లని ఎప్పుడన్నా చూశావా?" అని అడిగింది.

చూడలేదు. చోడిచేను, అదే, రాగిచేను కలుపు తియ్యాలన్నా, ఇంటికి దూలం దింపాలన్నా పిలుపు వెళ్తుంది, ఇంటికొకరు కదులుతారు. దాన్ని సాయం అంటారు. సాయానికి పిలిస్తే రానంటే తప్పు. వచ్చి చెయ్యి ఆడించకుండా కూర్చుంటే ఇంకా తప్పు, ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. నేనేమో అలాంటి మనిషిని మూల కూర్చోబెట్టి, నీ కోసం నువ్వే చేసుకో అంటున్నాను.

తెల్లారి మంచులో గేటు దగ్గరికి పరుగెత్తాను. జీపు అప్పటికే నిండిపోయింది. ఆమె వెనక సీట్లో మూట ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నాకో పని పడింది. ఒక్కదాని వల్ల కావట్లేదు. సాయానికి వస్తావా?" అన్నాను.

జీపులో అందరూ నావైపు తిరిగారు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి పని?"

"ఆ గుంటణ్ని నడపాలి. ఎడం సగం నేను పట్టుకుంటాను, నా ఎడంచేత్తో. కుడి సగం నువ్వు పట్టుకోవాలి, నీ కుడిచేత్తో. రెండో చెయ్యి ఇద్దరమూ వీపు వెనక్కి. నువ్వు నొక్కకపోతే నేను పడిపోతాను."

డ్రైవరు హారన్ మోగించాడు. ఆమె పక్కనున్న ముసలమ్మ వాళ్ల భాషలో ఏదో అంది. ఏమందో నాకు తెలియదు గానీ, ఆమె గట్టిగా నిట్టూర్చి మూటతో సహా దిగిపోయింది.

ఇక ఆ రోజు నుంచి మా ఇద్దరి పాట్లు చూడాలి. తుంటికి తుంటి ఆనించుకుని, ఒక్క మిషన్ని చెరోవైపు పట్టుకుని, చెరో చెయ్యీ వీపు వెనక దాచుకుని, ఎండ వెంట జరుగుతూ పోయేవాళ్లం. ఆమె చూపుడువేలు బటన్ దాకా వచ్చేది కాదు. రాక నొప్పితో పళ్లు బిగబట్టి ఆదివాసీ ఒడియాలో తిట్టేది. నన్నో, మిషన్నో, పల్పర్నో నేనెప్పుడూ అడగలేదు. నా సంగతి ఇంకా ఘోరం. నా ఎడంచెయ్యి ఏనాడూ ఏ పనికీ వచ్చింది కాదు. కుర్రాణ్ని కుడికి తిప్పాల్సినచోట గోడకి కొట్టేదాన్ని.

"నీ సెయ్యికేటయినాది, నిద్దరోతందా?" అని కసిరేది. "నానింత నొప్పి పడి నొక్కుతుంటే నువ్వు గోడకి తోసేత్తావా!"

నా విభాగంలో నన్నెవరూ అంతలా తిట్టలేదు. పౌరుషం పొడుచుకొచ్చింది. గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఎడంచేత్తో ప్రాక్టీసు చేశాను, నమ్మండి. ఆమెకి కూడా పౌరుషమే. కుర్రాడు ఆమెవైపు తప్పు వల్ల పడితే మొహం ఎర్రబడేది, వెంటనే మళ్లీ మొదలుపెట్టేది. బంతి పిసకమంటే పదిసార్లకే విసిరేసిన మనిషి, పొద్దు వాలేదాకా ఆ బటన్ కోసం వేలిని వంచుతూనే ఉండేది. తిండికి పిలిస్తే సిస్టర్ మీద కూడా అరిచింది. ఒక రోజు పడమటి మెట్ల దగ్గర వేలు చివర బటన్‌కి తగిలింది. కుర్రాడు గాలిలో గిర్రున తిరిగి చక్రాల మీద దిగాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి ముద్దుపెట్టేసుకున్నాను. "సీ, ఏటిది, గుంటడు పడిపోనాడు" అంది.

డాక్టరుగారు రానే వచ్చారు. చేతులు కడుక్కుంటూనే స్కేలు అడిగారు. కొలిచారు. మళ్లీ కొలిచారు.

"బాగా కష్టపడ్డారు. కానీ సగమే వంగుతోందమ్మా" అన్నారు నాతో. "సగం వంగే వేలు కూడా అడ్డమే. థియేటర్ రెడీగా ఉంది, ఈ పూట తీసేస్తే నెల తిరిగేసరికి పనిలోకి పోతుంది."

ఆయన చెప్పింది తప్పని నేను చెప్పలేను. పుస్తకం ప్రకారం ఆయన మాటే సరి. ఆయన ఆమె వైపు తిరిగి, "పోయినసారి నువ్వే కదా తీసెయ్యమన్నావు?" అన్నారు నవ్వుతూ.

"అన్నాను. అప్పుడిది పని సెయ్యనేదు. ఇప్పుడు సేస్తంది. పని సేసేదాన్ని ఎవులైనా తీసేత్తారేటి?"

"ఏం పని చేస్తోంది?"

నేను నోరు తెరవబోయాను. "నువ్వుండు" అంది నన్ను. మిషను తీసి డాక్టరుగారి చేతిలో పెట్టి, వరండా మెట్టు మీద తన పక్కన చోటు చూపించింది. "ఇలా కూకో బాబూ. ఎడంపక్క నువ్వు పట్టుకో. ఆ సెయ్యి ఎనక్కెట్టు."

అంత పెద్ద డాక్టరుగారు రైలు టైము చూసుకుంటూనే కూర్చున్నారు. కూర్చున్నవారు కుర్రాణ్ని తిన్నగా గోడకి కొట్టారు.

"బాబూ! ఏటి సేస్తన్నావు? మెట్టు ముందు ఆపకూడదు, తోసెయ్యాల!"

సిస్టర్ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరుగారు ఎర్రబడి, "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి కూడా పడ్డారు. ఆ తర్వాతి ఆటలో కుర్రాడు వీధంతా దూసుకుపోయి, మెట్ల దగ్గర లేచి, గాలిలో తిరిగి, కమ్మీ మీద దిగి జారాడు. మళ్లీ లేచాడు, మళ్లీ తిరిగాడు. నేను డాక్టరుగారినే చూస్తున్నాను. ఆయన తెరని చూడటం మానేశారు. ఆమె వేలినే చూస్తున్నారు. అందుకే కుర్రాడు మళ్లీ గోడకి కొట్టుకున్నాడు.

"ఛ, ఎటు సూత్తన్నావు బాబూ?" అంది ఆమె.

ఆయన లేచి నన్ను పక్కకి పిలిచారు. "నొప్పి వేలుంటే మనిషి ఎప్పుడూ దాన్నే కనిపెట్టుకుని ఉంటాడమ్మా. ఈమె ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. వేలుందన్న సంగతే మర్చిపోయి వాడుతోంది. దీన్ని నేను తియ్యను" అన్నారు. థియేటర్‌లో ఇంకో కేసుకి ఏర్పాట్లు చెయ్యమని సిస్టర్‌తో చెప్పి వెళ్లారు. నేను బియ్యం కొట్టులోకి పోయి తలుపేసుకుని బాగా ఏడ్చాను. సంతోషానికే. ఉద్యోగం మొత్తంలో అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ వేలు పూర్తిగా ఎప్పుడూ వంగలేదు. మిగిలిన పండు కోతకి ఆమె వెళ్లిపోయింది, నేను ఉండమన్నా ఉండలేదు. పండుని పట్టడానికి చాలునంది. మరుసటి ఏడు కోతలయ్యాక ఒక సంత రోజున, మధ్యాహ్నం, నా గది గుమ్మంలో నిలబడింది. నొప్పి వచ్చిందేమోనని కంగారుగా చెయ్యి పట్టుకున్నాను.

"సెయ్యికేటి అవనేదు. సాయం తీర్సడానికొచ్చినాను. అన్ని రోజులు నా కాడ కూకున్నావు. నీకు సేను నేదు, తోట నేదు. మరి నీ పనేటో సెప్పు."

సాయం తిరిగి ఇవ్వాలని నాకు తెలుసు. ఆసుపత్రి జీతగత్తెకి కూడా ఇవ్వాలని నేననుకోలేదు. వార్డు చివర మంచం చూపించాను. పక్షవాతంతో ఎడంచెయ్యి పడిపోయిన ముసలాయన, ఎవరితోనూ మాట్లాడడు, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటాడు. నేను, సిస్టరు, ఆయన కొడుకు, అందరం ఓడిపోయాం.

ఆమె మిషను అడిగి తీసుకుంది. స్టూలు ఆయన మంచానికి ఆనించి వేసుకుంది. కిటికీ తెరిచి ఎండ లోపలికి వచ్చేలా చూసుకుని, కుడి సగం తన కుడిచేత్తో పట్టుకుంది. చూపుడువేలు దానంతటదే పైబటన్ మీదకి వెళ్లింది.

"తాతా, నువ్వటు తిరిగి తొంగుంటే ఈ గుంటణ్ని ఎవులు నడుపుతారు? నా ఒక్కదాని వల్ల అవదు. ఎడంసెయ్యి ఇలాగియ్యి."

ముసలాయన మెల్లగా ఇటు తిరిగాడు.